గ్రహాంతర నాగరికతల జాడ ఇంకా ఎందుకు దొరకలేదు?

సంక్షిప్తంగా: అరవై అయిదేళ్లుగా సాగుతున్న అన్వేషణలో భూమికి వెలుపల బుద్ధిజీవులు ఉన్నారనడానికి నిలబడే ఆధారం ఒక్కటీ దొరకలేదు. వెతికినది అతి కొద్ది భాగం కావడం, దూరం పెరిగేకొద్దీ సంకేతం పలచబడిపోవడం, నాగరికతల కాలాలు ఒకదానితో ఒకటి కలవకపోవడం ఇందుకు ప్రధాన కారణాలు. ఏమీ వినబడకపోవడానికి ఇవి చాలు. ఎవరూ ఇక్కడిదాకా రాకపోవడానికి మాత్రం ఇవి చాలవు. ఆ రెండో ప్రశ్నకు భూమి మీది జీవచరిత్రలో వెతికితే కొంత జవాబు దొరుకుతుంది.

2025 జులై 1న చిలీలోని అట్లాస్ టెలిస్కోపు ఒక కొత్త తోకచుక్కను గుర్తించింది. మరో నక్షత్రం దగ్గర పుట్టి, సౌర కుటుంబం గుండా దాటిపోతున్న వస్తువుల్లో మనకు తెలిసినంతవరకు ఇది మూడోది. అందుకే దానికి 3ఐ/అట్లాస్ అని పేరు వచ్చింది. అక్టోబరులో దక్షిణాఫ్రికాలోని మీర్‌క్యాట్ రేడియో టెలిస్కోపు దానిని పరిశీలించి, 1665, 1667 మెగాహెర్ట్జ్‌ల దగ్గర హైడ్రాక్సిల్ ముద్రను పట్టుకుంది. తోకచుక్క నుంచి లేచే నీటి ఆవిరిని ఎండ విడగొడితే మిగిలేది హైడ్రాక్సిలే కనుక ఇందులో వింత ఏమీ లేదు. పైగా కనిపించినవి శోషణ రేఖలు. అంటే తోకచుక్క ఏదో పంపుతున్నదని కాదు, వెనుక నుంచి వచ్చే రేడియో తరంగాల్లో కొంత భాగాన్ని అక్కడి వాయువు మింగుతున్నదని అర్థం. అయినా ‘తోకచుక్క నుంచి రేడియో సిగ్నల్’ అనే మాట చేతులు మారి, అది అంతరిక్ష నౌక అయివుండవచ్చునన్న అప్పటికే నడుస్తున్న ఊహకు తోడైంది. కృత్రిమ సంకేతాల కోసం దాని వైపు ప్రత్యేకంగా రేడియో టెలిస్కోపులను తిప్పి చూసిన బృందాలకు ఏమీ దొరకలేదు.

ఈ ఉదంతంలో చాలామంది గమనించని ఒక సంగతి ఉంది. హైడ్రోజన్ 1420 మెగాహెర్ట్జ్ దగ్గర, హైడ్రాక్సిల్ 1665 మెగాహెర్ట్జ్ దగ్గర సహజంగానే పలుకుతాయి. ఆ రెండూ కలిస్తే నీరు. వాటి మధ్య ఉన్న, విశ్వపు రొద తక్కువగా ఉండే పట్టీని ‘నీటి గుంట’ అంటారు. వేర్వేరు నాగరికతలు ఒకరినొకరు కలుసుకోవాలనుకుంటే అందరికీ తట్టే చోటు ఇదేనని 1970ల నుంచి రేడియో శాస్త్రవేత్తల్లో ఒక ఆలోచన ఉంది. అంటే మీర్‌క్యాట్ చూసిన రేఖలు, గ్రహాంతర సంకేతాల కోసం అందరికంటే ఎక్కువగా గాలించిన పట్టీ అంచునే ఉన్నాయి. అంత శ్రద్ధగా విన్న చోట కూడా ఇంతవరకు ప్రకృతి గొంతు తప్ప మరొకటి వినబడలేదెందుకు?

వినడం ఎలా మొదలైంది

1959లో జుసెప్పె కొకోని, ఫిలిప్ మారిసన్ అనే భౌతిక శాస్త్రవేత్తలు ‘నేచర్’ పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు. అప్పటికి భూమి మీద ఉన్న రేడియో పరికరాలతోనే నక్షత్రాల మధ్య సంకేతాలు పంపుకోవచ్చని, వెతికేవారు 1420 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టడం మేలని అందులో లెక్కగట్టి చూపారు. దాదాపు అదే సమయంలో, వారితో సంబంధం లేకుండా, ఫ్రాంక్ డ్రేక్ అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రం గ్రీన్‌బ్యాంక్‌లో అదే పనికి సిద్ధమవుతున్నాడు. 1960 ఏప్రిల్‌లో 26 మీటర్ల వెడల్పున్న డిష్‌ను టౌ సెటి, ఎప్సిలాన్ ఎరిడని అనే రెండు నక్షత్రాల వైపు తిప్పాడు. రెండూ సూర్యుడిని పోలినవే, రెండూ పది పన్నెండు కాంతి సంవత్సరాల దూరంలోనివే. మొదట్లోనే ఒక బలమైన సంకేతం వచ్చి అందరినీ ఉలిక్కిపడేలా చేసింది. అది విమానం నుంచి వచ్చిందని తర్వాత తేలింది. ఈ రంగం మొదటి అడుగే మనుషుల రేడియో రొదలో పడిందన్నమాట.

మరుసటి ఏడాది డ్రేక్ అదే చోట ఒక చిన్న సమావేశం కోసం తన పేరుతో ప్రసిద్ధమైన సమీకరణాన్ని రాశాడు. పాలపుంతలో ఏటా ఎన్ని నక్షత్రాలు పుడుతున్నాయి, వాటిలో ఎన్నింటికి గ్రహాలున్నాయి, ఆ గ్రహాల్లో జీవానికి అనువైనవి ఎన్ని, అనువైన చోట జీవం ఎంత తరచుగా మొదలవుతుంది, అది ఎంత తరచుగా బుద్ధిగా ఎదుగుతుంది, ఆ బుద్ధి ఎంత తరచుగా సంకేతాలు పంపే స్థాయికి చేరుతుంది, చేరాక ఎంతకాలం బతుకుతుంది అనే ఏడు అంశాలను గుణిస్తే, ఇప్పుడు పలకరించగల నాగరికతల సంఖ్య వస్తుంది. 1961లో మొదటి అంశం ఒక్కటే కాస్త తెలుసు. 1995లో సూర్యుడి వంటి నక్షత్రం చుట్టూ తిరిగే మొదటి గ్రహం దొరికింది. 2009లో ప్రయోగించిన కెప్లర్ టెలిస్కోపు గ్రహాలు అరుదు కావని తేల్చింది. 2025 నాటికి నిర్ధారిత గ్రహాల సంఖ్య 6,000 చేరింది. అలా మొదటి మూడు అంశాల మీద మబ్బు విడిపోయింది. మిగతా నాలుగింటి దగ్గర మాత్రం 1961లో ఎక్కడున్నామో దాదాపు అక్కడే ఉన్నాం. ఎందుకంటే ఆ నాలుగింటికీ మన దగ్గరున్న ఉదాహరణ ఒక్కటే, అది మనమే.

దూరం చేసే నష్టం

సంకేతం వినబడకపోవడానికి అన్నిటికంటే మొదటి కారణం అది దారిలో పలచబడిపోవడం. దూరం రెట్టింపైతే అందే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది, పదింతలైతే నూరో వంతుకు. వినడానికి తేలికగానే ఉన్న ఈ నియమం నక్షత్రాల మధ్య ఏం చేస్తుందో మన దేశంలోనే జరిగిన ఒక సంఘటనతో లెక్కగట్టవచ్చు.

పుణె దగ్గరి ఖోదాద్‌లో 45 మీటర్ల డిష్‌లు 30 కలిపి పనిచేసే జీఎంఆర్‌టీ అనే రేడియో టెలిస్కోపు ఉంది. 2016 అక్టోబరు 19న ఐరోపా అంతరిక్ష సంస్థ పంపిన షియాపరెల్లి అనే ల్యాండర్ అంగారకుడి మీదికి దిగుతుండగా, దాని చిన్న యాంటెన్నా నుంచి వెలువడే కొన్ని వాట్ల సంకేతాన్ని ఈ డిష్‌లు నేరుగా పట్టుకున్నాయి. నేలను తాకడానికి కాస్త ముందు ఆ సంకేతం తెగిపోయింది, ల్యాండర్ కూలిపోయిందని తర్వాత తెలిసింది. ఆ రోజు అంగారకుడు దాదాపు 17.6 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. సంకేతం చేరడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

ఇప్పుడు అదే ల్యాండర్‌ను మనకు అతి దగ్గరి నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారీ దగ్గర ఉంచి చూద్దాం. దూరం 4.24 కాంతి సంవత్సరాలు, అంటే అంగారకుడి కంటే రెండు లక్షల రెట్లకు పైనే. అందే శక్తి 5,000 కోట్ల రెట్లు తగ్గిపోతుంది. పంపే శక్తి మూడు వాట్లు అనుకుంటే, అదే పరికరానికి అంతే స్పష్టంగా వినబడాలంటే అక్కడి నుంచి లక్షన్నర మెగావాట్లు వెలువడాలి. మండు వేసవిలో భారతదేశమంతా కలిసి వాడే విద్యుత్తులో సగం కంటే ఇది ఎక్కువ. ఇదంతా పక్కింటి నక్షత్రం సంగతి. పాలపుంత వెడల్పు లక్ష కాంతి సంవత్సరాలు.

శక్తిని అన్ని వైపులకూ వెదజల్లకుండా పెద్ద డిష్‌తో ఒకే వైపు గురిపెడితే లెక్క మారుతుంది. పోర్టో రికోలోని అరెసిబో టెలిస్కోపు 2020లో కూలిపోయే వరకు గ్రహశకలాల మీదికి రాడార్ కిరణాలు పంపేది. 305 మీటర్ల డిష్ నుంచి వెలువడే ఆ కిరణాన్ని మన స్థాయి పరికరాలున్నవారు సుమారు 12,000 కాంతి సంవత్సరాల దూరం నుంచి కూడా గుర్తించగలరని ఇటీవలి ఒక లెక్క చెబుతోంది. అయితే ఆ కిరణం సూదిమొనంత సన్నగా, ఆకాశంలో ఏదో ఒక చోటును కొద్ది నిమిషాలు తాకి వెళ్లిపోయేది. దాని దారిలో సరిగ్గా ఆ సమయానికే ఎవరో ఒకరు ఇటువైపు చూస్తూ ఉండాలి. గట్టిగా ఉన్నది సన్నగా ఉంటుంది, అన్ని వైపులా పరచుకునేది బలహీనంగా ఉంటుంది. ఏ నాగరికత అయినా ఈ చిక్కును తప్పించుకోలేదు.

పైగా సాంకేతికత ముదిరేకొద్దీ రేడియో రొద పెరుగుతుందనే నమ్మకానికి కూడా గట్టి ఆధారం లేదు. ఇరవయ్యో శతాబ్దపు టీవీ టవర్లు మెగావాట్ల స్థాయిలో ఆకాశంలోకి వెదజల్లిన కార్యక్రమాలు ఇప్పుడు చాలావరకు ఫైబర్ తీగల్లో నడుస్తున్నాయి. ఇక డిజిటల్ సంకేతం వెడల్పైన పట్టీలో పరచుకుని, దూరం నుంచి చూసేవారికి సహజమైన గరగర లాగే కనిపిస్తుంది. బయటి నుంచి గమనించేవారి దృష్టిలో భూమి మాటలు మొదలుపెట్టి, ఒక శతాబ్దం లోపే గొంతు తగ్గించుకుంటున్న గ్రహం.

వెతికింది ఎంత

ఒక సంకేతాన్ని పట్టుకోవాలంటే దిశ, పౌనఃపున్యం, సమయం, తీవ్రత, సంకేతపు తీరు అన్నీ ఒకేసారి కుదరాలి. సరైన నక్షత్రం వైపు తప్పుడు పౌనఃపున్యంలో విన్నా, సరైన పౌనఃపున్యంలో అది పలకని రోజున విన్నా, వినబడేది నిశ్శబ్దమే. ఒక్క పౌనఃపున్యాన్నే తీసుకుంటే, 1,000 నుంచి 10,000 మెగాహెర్ట్జ్‌ల మధ్యనున్న అనువైన పట్టీని ఒక హెర్ట్జ్ వెడల్పు గదులుగా విభజిస్తే 900 కోట్ల గదులవుతాయి.

ఇలాంటి అంశాలన్నిటినీ కలిపి, వెతకాల్సిన మొత్తాన్ని సముద్రాలన్నిటి నీరుగా భావిస్తే, అప్పటివరకు వెతికింది ఒక గ్లాసు నీరని 2010లో జిల్ టార్టర్ బృందం లెక్కగట్టింది. 2018లో జేసన్ రైట్, మరో ఇద్దరు ఆ లెక్కను తాజా సర్వేలతో మళ్లీ చేసి, గ్లాసు సుమారు 7,700 లీటర్లకు పెరిగిందని తేల్చారు. మన ఊళ్లలో వీధుల్లోకి వచ్చే నీళ్ల ట్యాంకర్ ఒకటిన్నర అనుకోవచ్చు. ఎనిమిదేళ్లలో వేల రెట్ల పెరుగుదల ఇది. అయినా ఒకటిన్నర ట్యాంకర్ సముద్రపు నీటిని వడగట్టి, చేప దొరకలేదు కాబట్టి సముద్రంలో చేపలే లేవని ఎవరూ అనరు. యూరి మిల్నర్ అనే సంపన్నుడు 10 కోట్ల డాలర్లు ప్రకటించగా 2015లో మొదలైన ‘బ్రేక్‌త్రూ లిజన్’ కార్యక్రమం ఈ పెరుగుదలకు పెద్ద కారణం. అంతకుముందు ఈ పని ఎక్కువగా ఇతర పరిశోధనల సందుల్లో, దొరికిన కొద్ది గంటల్లో జరిగేది.

ఈ పోలికకు ఒక హద్దు ఉందన్నది కూడా గుర్తుంచుకోవాలి. వెతికిన ట్యాంకర్‌లో తిమింగలం ఉంటే కనిపించకుండా ఉండదు. మన వైపు నిరంతరం, అతి శక్తిమంతంగా ప్రసారం చేసే నాగరికతలు దగ్గరి నక్షత్రాల్లో విరివిగా లేవని ఇప్పటికే చెప్పగలం. ఎంత బలమైన ప్రసారం, ఎంత దూరం వరకు, ఏ పట్టీలో లేదో ప్రతి సర్వే ఒక గీత గీస్తుంది. ఏమీ దొరకలేదన్న ఫలితంలో నిజమైన సమాచారం ఆ గీతే.

దొరికినట్టే దొరికి

అనుమానం కలిగించే సంకేతాలు అరుదు కావు. నమ్మదగినవే అరుదు. 2019 ఏప్రిల్ చివర్లో ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోపు ప్రాక్సిమా సెంటారీని గమనిస్తుండగా 982 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక సన్నని గీత నమోదైంది. అంత సన్నని గీతను ప్రకృతి సాధారణంగా పుట్టించదు. డిష్ నక్షత్రం వైపు ఉన్నప్పుడు అది కనిపించింది, పక్కకు తిప్పినప్పుడు కనిపించలేదు. పౌనఃపున్యం కూడా నెమ్మదిగా జరుగుతూ వచ్చింది, కదిలే గ్రహం మీది నుంచి వచ్చే సంకేతమైతే అలాగే జరగాలి. లక్షల కొద్దీ గీతల్లోంచి మరుసటి ఏడాది దీనిని ఏరి బయటికి తీసింది ఒక ఇంటర్న్‌షిప్ విద్యార్థి. ప్రాథమిక పరీక్షలన్నిటినీ దాటిన ఆ సంకేతానికి బీఎల్‌సీ1 అని పేరు పెట్టారు. 2020 చివర్లో ఈ వార్త బయటికి పొక్కి ప్రపంచమంతా తిరిగింది.

2021లో వచ్చిన వివరణ అంతగా తిరగలేదు. అదే సమాచారాన్ని మళ్లీ జల్లెడ పడితే, వేరే పౌనఃపున్యాల దగ్గర అచ్చం అలాగే ప్రవర్తించే గీతలు పదుల సంఖ్యలో దొరికాయి. వాటి మధ్య దూరాలు మామూలు ఎలక్ట్రానిక్ పరికరాల్లో గడియారంలా పనిచేసే స్ఫటికాల పౌనఃపున్యాలతో సరిపోయాయి. డిష్‌ను పక్కకు తిప్పినా వాటిలో కొన్ని కనిపించాయి. ఎక్కడో ఒక పరికరంలో రెండు తరంగాలు కలిసి పుట్టించిన రొద, డిష్ అటూ ఇటూ తిరిగే వ్యవధులతో యాదృచ్ఛికంగా జత కుదిరి, నక్షత్రం నుంచి వస్తున్నట్టు కనిపించింది.

అంతకుముందు అదే పార్క్స్‌లో ‘పెరిటాన్లు’ అనే చిత్రమైన రేడియో మెరుపులు ఏళ్ల తరబడి శాస్త్రవేత్తలను తికమక పెట్టాయి. 2015లో గుట్టు వీడింది. వేడి చేయడం పూర్తి కాకముందే మైక్రోవేవ్ ఓవెన్ తలుపు తెరిస్తే, ఆ ఒక్క క్షణంలో బయటికి తప్పించుకున్న తరంగాలే అవి. గ్రీన్‌బ్యాంక్‌లో టెలిస్కోపు దగ్గరికి డీజిల్ బండ్లనే రానిస్తారు, పెట్రోలు ఇంజన్లలోని స్పార్క్ ప్లగ్ చేసే చిటపట కూడా ఆ డిష్‌కు రొదే.

ఇలా తిన్న దెబ్బల వల్ల పరీక్షలు కఠినమయ్యాయి. దానికి చెల్లించే మూల్యమూ ఉంది. మళ్లీ వస్తేనే నమ్ముతామన్న నియమం పెట్టుకున్నప్పుడు, ఒక్కసారే వచ్చే సంకేతాన్ని ఎప్పటికీ నమ్మలేం. 1977 ఆగస్టు 15న ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయం ‘బిగ్ ఇయర్’ టెలిస్కోపు 72 సెకన్ల పాటు నమోదు చేసిన బలమైన సంకేతం ఆ కోవలోనిదే. కాగితం మీద దాని పక్కన ‘వావ్’ అని రాసిన జెర్రీ ఎమన్ చేతిరాత దానికి పేరైంది. ఆ 72 సెకన్లూ ఆకాశంలోని ఒక చోటు కదలని టెలిస్కోపు ముందు నుంచి దాటిపోవడానికి పట్టే సమయమే. ఆ తర్వాత ఎన్నిసార్లు అటువైపు చూసినా అది మళ్లీ రాలేదు. సహజమో, మనుషులదో, మరొకరిదో తేల్చే దారి లేక అది అలాగే మిగిలిపోయింది.

ఒకే కాలంలో ఉండడం

భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్లు. పేజీకి కోటి ఏళ్ల చొప్పున దాని చరిత్రను 454 పేజీల పుస్తకంగా అచ్చేస్తే, జీవపు తొలి గుర్తులు నూరో పేజీ చుట్టుపక్కల వస్తాయి. తర్వాత నూట యాభై పేజీలకు పైగా కథ సూక్ష్మజీవుల దగ్గరే ఆగి ఉంటుంది. కేంద్రకం ఉన్న కణం సగం పుస్తకం దాటాకే కనిపిస్తుంది. జంతువులు 395వ పేజీ దగ్గర వస్తాయి. పెద్ద డైనోసార్లు అంతరించడానికి, పుస్తకం ముగియడానికి మధ్య ఏడు పేజీలు కూడా ఉండవు. మూడు లక్షల ఏళ్ల మనిషి కథ చివరి పేజీలోని చివరి పంక్తి. రేడియో వాడుతున్న ఈ నూట పాతికేళ్లూ ఆ పంక్తి చివర పెట్టే చుక్కలో సగానికి కూడా రావు.

ఈ పుస్తకాన్ని దూరం నుంచి ఎవరో యాదృచ్ఛికంగా తెరిస్తే ఆ చుక్క కంటబడే అవకాశం ఎంతో, మనం మరో గ్రహం పుస్తకం తెరిచినప్పుడూ అంతే. రేడియో వాడే నాగరికతలు సగటున వెయ్యేళ్లు నిలబడతాయని, పాలపుంతలో ఇప్పుడు అలాంటివి వెయ్యి ఉన్నాయని ఉదారంగా అనుకున్నా, ఒకదానికొకటి సగటున రెండు మూడు వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉంటాయి. ఒకరి పలకరింపు రెండో వారికి చేరేసరికి పలకరించినవారు ఉండరు. 1974లో అరెసిబో నుంచి ఎం13 అనే నక్షత్ర గుచ్ఛం వైపు పంపిన సందేశానికి ఒకవైపు ప్రయాణమే సుమారు 25,000 ఏళ్లు. సమీకరణంలో అన్నిటికంటే బరువైనది చివరి అంశమేనని, నాగరికతల సంఖ్య దాదాపు వాటి ఆయుష్షుతో సమానమని డ్రేక్ తరచూ అనేవాడు.

రావాల్సినవారు ఎందుకు రాలేదు

ఇంతవరకు చెప్పిన కారణాలన్నీ వినడానికి సంబంధించినవి. 1950లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో భోజనాల దగ్గర భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మి వేసిన ‘అందరూ ఎక్కడ?’ అనే ప్రశ్న వేరు. రాకపోకల లెక్కతో చూస్తే అది మరింత ఇబ్బంది పెడుతుంది. 1975లో ఖగోళ శాస్త్రవేత్త మైకేల్ హార్ట్ దానిని వాదనగా మలిచాడు. కాంతి వేగంలో నూరో వంతు వేగంతో పోగలిగే ఒక్క నాగరికత ఉన్నా పాలపుంతను ఈ చివర నుంచి ఆ చివరకు కోటి ఏళ్లలో దాటగలదు. దారిలో ప్రతి చోటా ఆగి, స్థిరపడి, మళ్లీ బయలుదేరినా కొన్ని కోట్ల ఏళ్లు చాలు. పాలపుంత వయసు వెయ్యి కోట్ల ఏళ్ల పైమాటే. కాబట్టి అలాంటివారు ఏనాడు పుట్టి ఉన్నా ఈపాటికి ఇక్కడ ఉండాలి, లేరు కనుక వారు పుట్టనే లేదని అతని వాదన.

ఇక్కడ కాలం కలవలేదన్న జవాబు పనిచేయదు. ఎందుకంటే ముందు పుట్టినవారికి సమయం కావలసినంత ఉంది. వెతికింది తక్కువన్న జవాబు కూడా సగమే పనిచేస్తుంది.

హార్ట్ వాదనలో బలహీనమైన చోటు ప్రయాణం. కాంతి వేగంలో పదో వంతుకు ఒక కిలో బరువును చేర్చడానికి, వృథా ఏమీ లేదనుకున్నా, 12.5 కోట్ల యూనిట్ల విద్యుత్తుకు సమానమైన శక్తి కావాలి. చేరాక ఆపడం మరో ఖర్చు. వేగం తగ్గించుకుంటే కాలం పెరుగుతుంది: సెకనుకు 17 కిలోమీటర్ల వేగంతో పోతున్న వాయేజర్-1 ప్రాక్సిమా అంత దూరం పోవాలంటే దాదాపు 75,000 ఏళ్లు పడుతుంది. పాలపుంతలో వలసలు ఎలా వ్యాపిస్తాయో కంప్యూటర్లో నడిపి చూసిన 2019 నాటి ఒక అధ్యయనం మధ్యేమార్గం చూపింది. నక్షత్రాలు కదులుతూ ఒకదానికొకటి దగ్గరైనప్పుడే దూకే నాగరికతలు, చేరిన చోట శాశ్వతంగా నిలవకపోతే, పాలపుంత పాక్షికంగా నిండి ఉండి కూడా కొన్ని చోట్ల లక్షల ఏళ్లపాటు ఎవరూ కాలుపెట్టకుండా ఉండవచ్చు. భూమి అలాంటి చోటైతే, పాత సందర్శన గుర్తులు ఈ నేల మీద మిగలవు కూడా, ఎందుకంటే కొన్ని కోట్ల ఏళ్లలో నేల ఉపరితలమే మారిపోతుంది.

అయితే నక్షత్రాల శక్తిని టోకున వాడుకునే మహా నాగరికతలు ఉంటే అవి వదిలే వేడి పరారుణ కాంతిగా బయటపడక తప్పదు. దాచుకోవాలనుకున్నా ఉష్ణగతిక శాస్త్రం ఒప్పుకోదు. వైజ్ అనే అంతరిక్ష టెలిస్కోపు సేకరించిన సమాచారంలో దాదాపు లక్ష గెలాక్సీలను వడపోసిన బృందం 2015లో అటువంటి స్పష్టమైన వేడి ఎక్కడా కనిపించలేదని ప్రకటించింది. వినబడకపోవడం కంటే ఈ ఫలితం బరువైనది. ఎందుకంటే ఇక్కడ ఎదుటివారు మనతో మాట్లాడాలనుకోవలసిన అవసరం లేదు.

జీవం వేరు, బుద్ధి వేరు, రేడియో వేరు

మిగిలిన జవాబు జీవం నుంచి రేడియో దాకా ఎక్కాల్సిన మెట్లలో ఉంది. భూమి చల్లబడ్డాక జీవం త్వరగానే వచ్చింది, కాబట్టి మొదటి మెట్టు అంత కష్టం కాకపోవచ్చు. కానీ రెండు సూక్ష్మజీవులు ఒకదానిలో ఒకటి ఇమిడిపోయి సంక్లిష్ట కణం తయారుకావడం, మనకు తెలిసినంతలో, భూమి మీద ఒకే ఒక్కసారి జరిగింది. దానికి వంద కోట్ల ఏళ్లకు పైగా పట్టింది. కన్ను, రెక్క వంటివి వేర్వేరు వంశాల్లో పదేపదే పుట్టాయి. రేడియో తయారుచేసే బుద్ధి ఒక్కసారే పుట్టింది. కాకులు, డాల్ఫిన్లు, ఆక్టోపస్‌లు తెలివైనవే. అయినా నీటిలో నిప్పు లేదు, నిప్పు లేనిదే లోహం లేదు, లోహం లేనిదే యాంటెన్నా లేదు. గురు, శని గ్రహాల చుట్టూ తిరిగే యూరోపా, ఎన్సెలడస్ వంటి ఉపగ్రహాల మంచుపొర కింద ఉన్న సముద్రాలలో జీవం ఉన్నా దాని ఆలోచనలు ఆ మంచు దాటి బయటికి రావు. నక్షత్రాల్లో దాదాపు ముప్పాతిక వంతు ఉండే అరుణ కుబ్జాలు, అంటే సూర్యుడి కంటే చిన్నవైన, చల్లనైన ఎర్ర నక్షత్రాలు, జ్వాలలు వెదజల్లుతుంటాయి. వాటికి దగ్గరగా తిరిగే గ్రహాలు వాతావరణాన్ని నిలుపుకోగలవా అన్నది తేలలేదు. అలాంటి నక్షత్రమే అయిన ట్రాపిస్ట్-1 చుట్టూ ఉన్న ఏడు గ్రహాల్లో లోపలి రెండింటికి దట్టమైన వాతావరణం ఉన్న గుర్తులు జేమ్స్ వెబ్ టెలిస్కోపుకు కనిపించలేదు.

మొదటి మెట్టు సంగతి తేల్చడమే ఎంత కష్టమో హైదరాబాద్‌కు బాగా తెలుసు. 2005 ఏప్రిల్ 20న ఇక్కడి నేషనల్ బెలూన్ ఫెసిలిటీ నుంచి ఎగరేసిన బెలూన్ 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలిని సేకరించింది. ఆ నమూనాలను హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలోను, పుణెలోని అలాంటి సంస్థే అయిన ఎన్‌సీసీఎస్‌లోను విడివిడిగా పరీక్షిస్తే, అంతకుముందు తెలియని మూడు బ్యాక్టీరియా జాతులు దొరికాయి. అతినీలలోహిత కాంతిని తమ దగ్గరి జాతుల కంటే బాగా తట్టుకుంటున్నాయి. ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్, ఇస్రో, ఆర్యభటుల పేర్లు వాటికి పెట్టారు. అవి పైనుంచి దిగాయని మాత్రం ఈ పరిశోధనతో రుజువు కాదని ఇస్రో 2009లో స్పష్టంగానే చెప్పింది. చేతికి చిక్కిన సూక్ష్మజీవి పుట్టిల్లే ఇంతగా తేలనప్పుడు, 124 కాంతి సంవత్సరాల దూరంలోని కే2-18బీ గ్రహ వాతావరణంలో జీవ సంబంధ వాయువు ఉండవచ్చని 2025లో ఖగోళ శాస్త్రవేత్త నిక్కు మధుసూదన్ బృందం ప్రకటిస్తే ఇతర బృందాలు అదే సమాచారాన్ని తిరగదోడి సందేహించడంలో ఆశ్చర్యం లేదు.

ఈ తెలియనితనాన్ని లెక్కలోకి తెచ్చే తీరే 2018లో మారింది. డ్రేక్ సమీకరణంలో ప్రతి అంశానికీ ఒక మధ్యస్థ అంకె పెట్టి గుణిస్తే నాగరికతలు బోలెడన్ని రావడం వల్లే ఫెర్మి ప్రశ్న వైరుధ్యంలా కనిపిస్తుందని ఆండర్స్ శాండ్‌బర్గ్, ఎరిక్ డ్రెక్స్‌లర్, టోబీ ఆర్డ్ అనే పరిశోధకులు వాదించారు. పదేళ్లలో తొమ్మిదేళ్లు ఎండి, పదో ఏడు పొంగిపొర్లే చెరువుకు సగటు నీటిమట్టం కడితే ఏటా కాస్తో కూస్తో నీరున్నట్టే ఉంటుంది. ఏదో ఒక ఏడు వెళ్లి చూసినవారికి మాత్రం ఎండిన చెరువే ఎదురయ్యే అవకాశం ఎక్కువ. ప్రతి అంశంలోని అనిశ్చితిని పూర్తిగా కలుపుకుంటే పాలపుంతలో మనం ఒంటరిగా ఉండే సంభావ్యత సగం కంటే ఎక్కువేనని వారి లెక్క తేల్చింది. మరెవరూ లేరని కాదు, ఉన్నారని నమ్మడానికి మొదటి నుంచీ అంత బలమైన కారణం లేదని దీని సారాంశం.

మనల్ని చూస్తూనే దూరంగా ఉన్నారని, భయంతో అందరూ గొంతు నొక్కుకున్నారని చెప్పే ఊహలు కూడా ఉన్నాయి. కోట్ల ఏళ్లపాటు ప్రతి నాగరికతా, దానిలోని ప్రతి వర్గమూ ఒకే కట్టుబాటును తప్పకుండా పాటించిందని నమ్మాల్సి రావడం వీటి బలహీనత. పరీక్షించే దారి లేదు కనుక శాస్త్రపరంగా వీటి మీద ఎక్కువసేపు నిలవనవసరం లేదు. ఆకాశంలో కనిపించే గుర్తుతెలియని వస్తువులు గ్రహాంతరాల నుంచి వచ్చినవనడానికి ఆధారం లేదని 2023లో నాసా నియమించిన నిపుణుల బృందం చెప్పింది.

ఇకముందు నిశ్శబ్దం విలువ

దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియాలలో 2022 చివర్లో నిర్మాణం మొదలైన స్క్వేర్ కిలోమీటర్ అర్రే అనే రేడియో టెలిస్కోపుల సముదాయం ఈ లెక్కలో పెద్ద మార్పు తెస్తుంది. భారత ప్రభుత్వం ఇందులో చేరడానికి రూ.1,250 కోట్లు మంజూరు చేసింది. మన విమానాశ్రయ రాడార్ల వంటి మామూలు రొదను దగ్గరి నక్షత్రాల నుంచి పట్టుకునే సున్నితత్వం రేడియో ఖగోళశాస్త్రానికి తొలిసారి దీనితో అందుబాటులోకి రావచ్చు. ఇంతవరకు మనల్ని ఉద్దేశించి పంపేవారి కోసమే ఎక్కువగా వెతికాం. ఇకపై తమ పని తాము చేసుకునేవారి ఇంటి చప్పుడు కూడా వినబడే వీలుంటుంది. అప్పుడు కూడా ఏమీ దొరకకపోతే, కనీసం ఆ కొద్ది నక్షత్రాల వరకు, నిశ్శబ్దానికి మన చెవిని తప్పుపట్టడం కుదరదు.

అదే సమయంలో ఎదురుగాలి కూడా పెరుగుతోంది. తక్కువ కక్ష్యల్లో వేల సంఖ్యలో తిరుగుతున్న ఇంటర్నెట్ ఉపగ్రహాలకు, గ్రీన్‌బ్యాంక్ చుట్టూ రేడియో రొదను కట్టడి చేయడానికి గీసిన నిశ్శబ్ద మండలంతో పనిలేదు. అవి నడినెత్తి మీదుగా పోతాయి. డీజిల్ బండికి తప్ప దారి ఇవ్వని ఆ డిష్ దగ్గర, ఆకాశంలోంచి వచ్చే రొదను ఆపే గేటు లేదు. చంద్రుడి అవతలి వైపు, భూమి రేడియో అసలే సోకని చోట టెలిస్కోపు పెట్టాలన్న ప్రతిపాదనలకు బలం చేకూరుతున్నది ఇందుకే.